మంచు, మందు, మర్డర్లేనా? స్కాండినేవియన్ క్రైమ్ కథల మీద అపోహలు - వాస్తవాలు

దక్షిణ స్వీడన్‌లో స్కోనె అనే ప్రాంతంలో ఒక మునిసిపల్ లైబ్రరీలో పనిచేస్తున్నాను. మా దగ్గర డిటెక్టివ్ నవలల అరలు ఎప్పుడూ సగం ఖాళీగానే ఉంటాయి. వెళ్లిన పుస్తకం వచ్చేలోపే దాని కోసం ఇంకొకరు పేరు రాయించుకుని ఉంటారు. తిరిగి ఇచ్చేటప్పుడు చాలామంది కౌంటర్ దగ్గర ఆగి నచ్చిందో లేదో చెప్పి వెళ్తారు. ఇటు ఉద్యోగాలకు వచ్చిన తెలుగువాళ్లు, హైదరాబాద్‌లో ఉన్న స్నేహితులు ఓటీటీలో ఏదో సిరీస్ చూసి ఫోన్ చేస్తుంటారు. రెండు వైపుల నుంచీ వినే అభిప్రాయాల్లో కొన్ని ఎంత బలంగా పాతుకుపోయాయంటే, వాటి వల్ల మంచి పుస్తకాలు చదవకుండానే పక్కన పెట్టేస్తున్నారు. నా బాధల్లా అదే.

అపోహ: ఇన్ని హత్య కథలు వస్తున్నాయంటే ఈ ఉత్తర ఐరోపా దేశాల్లో నిజంగానే హత్యలు ఎక్కువ.

పిల్లల్ని ఇక్కడ చదివించడానికి పంపే తల్లిదండ్రులు కూడా ఈ మాట అడుగుతారు. కోటి పైచిలుకు జనాభా ఉన్న స్వీడన్‌లో ఏడాదికి జరిగే హత్యలు వందకు అటూ ఇటూగా ఉంటాయి. సుమారు 4 లక్షల మంది ఉండే ఐస్‌లాండ్‌లో చాలా ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. ఇన్‌స్పెక్టర్ వాలండర్ పనిచేసే ఈస్టాడ్ మా ప్రాంతంలోనే ఉంది. సముద్రం ఒడ్డున ప్రశాంతంగా ఉండే చిన్న ఊరు. ఆ నవలల్లోని దారుణాలన్నీ రచయిత హెన్నింగ్ మాంకెల్ కల్పించినవే. ఈ మధ్య కాలంలో స్వీడన్ నగరాల శివార్లలో ముఠా తగాదాలు, కాల్పులు పెరిగిన మాట నిజమే, ఇక్కడివాళ్లకు అదొక పెద్ద బెంగ. కానీ ఈ నవలలు అంతకు ఎన్నో దశాబ్దాల ముందు నుంచే వస్తున్నాయి.

మరి ఇంత ప్రశాంతమైన చోట ఇన్ని నేరాల కథలు ఎందుకు రాశారు? 1928లో పేర్ అల్బిన్ హాన్సన్ అనే నాయకుడు స్వీడన్ పార్లమెంటులో ఒక ప్రసంగం చేశాడు. దేశం అందరికీ మంచి ఇల్లులా ఉండాలని, మంచి ఇంట్లో ముద్దుబిడ్డలూ ఉండరు, సవతి బిడ్డలూ ఉండరని ఆయన మాటల సారాంశం. తర్వాత ఆయన ప్రధాని అయ్యాడు. ఇప్పుడు మనం చూసే సంక్షేమ రాజ్యానికి పునాది ఆ మాటే. ఇక్కడి మంచి క్రైమ్ నవల ఏది తీసుకున్నా అడిగేది ఒకటే: అంత మాట ఇచ్చాక కూడా ఈ ఇంట్లో సవతి బిడ్డలుగా మిగిలిపోయింది ఎవరు? శవం దొరకడం ఆ ప్రశ్న అడగడానికి ఒక సాకు, అంతే. ఆ ఇంటి మీద నమ్మకాన్ని కుదిపిన రాత్రి కూడా ఒకటుంది. 1986 ఫిబ్రవరిలో స్వీడన్ ప్రధాని ఊలొఫ్ పాల్మె బాడీగార్డులు లేకుండా భార్యతో సినిమాకు వెళ్లి, నడిచి ఇంటికి వస్తుంటే స్టాక్‌హోమ్ నడివీధిలో కాల్చి చంపారు. 2020లో ప్రాసిక్యూటర్ ఒక చనిపోయిన వ్యక్తిని అనుమానితుడిగా చూపించి కేసు మూసేశారు. కోర్టులో ఏదీ తేలలేదు. మా లైబ్రరీకి వచ్చే పెద్దవయసువాళ్లు ఆ రాత్రి గురించి ఇప్పటికీ మాట్లాడతారు.

అపోహ: ఇదంతా స్వీడన్ రచయిత స్టీగ్ లార్సన్‌తో మొదలైంది.

లార్సన్ వల్ల ప్రపంచమంతా ఇటు తిరిగి చూసింది, అది కాదనలేం. ఆయన మొదటి నవల 2005లో వచ్చింది, అప్పటికే ఆయన లేడు, 2004 నవంబరులో గుండెపోటుతో పోయాడు. కానీ దారి వేసింది మై షోవాల్, పేర్ వాలో అనే జంట. పిల్లలు పడుకున్నాక రాత్రుళ్లు ఎదురెదురుగా కూర్చుని, తలా ఒక అధ్యాయం చొప్పున రాసేవారు. 1965 నుంచి 1975 దాకా పది నవలలు. మొదటి నుంచీ పది అనే లెక్క పెట్టుకునే, అన్నీ కలిపి ఒకే పెద్ద కథగా రాశారు. ఇద్దరూ మార్క్సిస్టులు. పోలీసు కథ అనే పేరుతో తమ సమాజాన్ని కోసి చూపించాలన్నది వాళ్ల ఉద్దేశం. ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’కు 1971లో అమెరికాలో ఎడ్గార్ అవార్డు వచ్చింది. పదో నవల వచ్చిన ఏడాదే వాలో చనిపోయాడు.

మన డిటెక్టివ్ యుగంధర్‌ను చదువుతూ పెరిగినవాళ్లకు మొదట్లో వీళ్లు కొంచెం వింతగా అనిపిస్తారు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ ఉన్నాడంటే కేసు తేలిపోతుందన్న ధీమా ఉంటుంది. ఈ జంట నవలల్లోని పోలీసు డిటెక్టివ్ మార్టిన్ బెక్ దగ్గర ఆ ధీమా దొరకదు. జలుబు, కడుపునొప్పి, పొసగని సంసారం. పక్కన నలుగురు సహోద్యోగులు లేకపోతే ఒక్క కేసూ తేల్చలేడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది కూడా అందుకే.

అపోహ: కథ నత్తనడక, ఏమీ జరగదు.

నేను అన్నిటికంటే ఎక్కువగా వినే ఫిర్యాదు ఇది, ముఖ్యంగా మనవాళ్ల నుంచి. నెమ్మది నిజమే. కానీ ఆ నెమ్మదిలో ఏం జరుగుతోందో చూడాలి.

షోవాల్, వాలోల మొదటి నవల ‘రోజాన్నా’లో, స్వీడన్‌లోని యోతా కాలువలో పూడిక తీస్తుండగా ఒక అమ్మాయి శవం పైకి వస్తుంది. ఆమె ఎవరో తెలియడానికే నెలలు పడుతుంది. అమెరికా నుంచి వచ్చిన టూరిస్టు అని తేలాక, ఆమె ఎక్కిన పడవలోని ప్రయాణికులు వేర్వేరు దేశాల్లో ఉన్నారు. పోలీసులు వాళ్లందరికీ రాసి, సెలవుల్లో తీసుకున్న ఫొటోలు, సినిమా రీళ్లు తెప్పిస్తారు. ఎవరో తీసిన రీలులో ఆ అమ్మాయి డెక్ మీద నిలబడి కనిపిస్తుంది. అప్పటిదాకా ఫైల్లో ఒక శవం మాత్రమే. ఆ క్షణం నుంచి ఆమె మనిషి. అన్ని పేజీల ఎదురుచూపు లేకపోతే ఆ దెబ్బ తగలదు.

ఇంకో ఉదాహరణ ఐస్‌లాండ్ రచయిత ఆర్నల్డుర్ ఇంద్రిదసన్ రాసిన ‘సైలెన్స్ ఆఫ్ ది గ్రేవ్’. ఒక పిల్లాడి పుట్టినరోజు పార్టీలో, నేల మీద కూర్చున్న పసిపాప ఏదో నోట్లో పెట్టుకుని కొరుకుతూ ఉంటుంది. అక్కడున్న వైద్య విద్యార్థి దాన్ని తీసి చూస్తే మనిషి ఎముక. దగ్గర్లో కొత్తగా ఇల్లు కడుతున్న చోట నుంచి వచ్చింది. వేరే కథలో అయితే ఐదు నిమిషాల్లో తవ్వేస్తారు. ఇక్కడ పురావస్తు శాఖవాళ్లు వచ్చి, ఆధారాలు చెడిపోకుండా పొర పొరగా, చిన్న చిన్న పనిముట్లతో తవ్వుతారు. నవల సాగినంతసేపూ ఆ తవ్వకం సాగుతూనే ఉంటుంది. దాని పక్కనే రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక ఇల్లు, పెళ్లాన్ని చావగొట్టే ఒక మొగుడు, మూల నక్కి చూసే పిల్లలు. మట్టిలో ఉన్నది ఎవరి అస్థిపంజరం, ఆ మొగుడిదా, ఆ తల్లిదా, పిల్లల్లో ఒకరిదా అనే టెన్షన్ చివరిదాకా వదలదు. గబగబా తవ్వేసి ఉంటే ఆ తల్లితో అన్ని గంటలు గడిపేవాళ్లం కాదు. ఇరుగుపొరుగుకు తెలిసీ ఎవరూ పట్టించుకోని మనిషి ఆమె. ఈ నవలకు 2005లో బ్రిటన్‌లో క్రైమ్ నవలలకిచ్చే గోల్డ్ డాగర్ అవార్డు వచ్చింది.

సిరీస్‌లలోనూ అంతే. డెన్మార్క్ టీవీ 2007లో తీసిన ‘ది కిల్లింగ్’ మొదటి సీజన్ 20 ఎపిసోడ్లు, ఒక్కో ఎపిసోడ్ దర్యాప్తులో ఒక్కో రోజు. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులు అందులో చివరిదాకా ఉంటారు. చాలా సిరీస్‌లలో శవాన్ని గుర్తుపట్టి ఏడ్చాక వాళ్ల పని అయిపోతుంది. ఇక్కడ వాళ్లు అంత్యక్రియలు చేయాలి, మిగతా పిల్లలకు అన్నం పెట్టాలి, వ్యాపారం నడుపుకోవాలి. ఆ వంటింటి సన్నివేశాలను ‘సాగదీశారు’ అంటే మాత్రం ఒప్పుకోను.

అపోహ: ఎప్పుడూ మంచు, చీకటి.

‘రోజాన్నా’ మొదలయ్యేదే జులైలో. నార్వే రచయిత యూ నెస్బో ‘ది డెవిల్స్ స్టార్’ ఎండలకు ఉడికిపోతున్న ఓస్లోలో జరుగుతుంది. మాంకెల్ ‘సైడ్‌ట్రాక్డ్’లో ఒక టీనేజీ అమ్మాయి వేసవి తొలినాళ్లలో, విరగబూసిన రేప్‌సీడ్ చేను మధ్యలో నిలబడి ఒంటికి నిప్పంటించుకుంటుంది. ఆ చేలు మా ఊరి చుట్టూ ఉంటాయి, దూరం నుంచి చూస్తే అచ్చం మన ఆవాల చేలే. ఆ పిల్లను డొమినికన్ రిపబ్లిక్ నుంచి పడుపు వృత్తికి తీసుకొచ్చారని తర్వాత తెలుస్తుంది. హాన్సన్ చెప్పిన ఇంట్లో ఆమెకు మూల గది కూడా దొరకలేదు.

చలికాలం దిగులుతో ఇవి చదువుతారన్నది కూడా సరికాదు. నార్వేలో క్రైమ్ నవలల సీజన్ ఈస్టర్. సెలవులకు కొండల్లోని చెక్క ఇళ్లకు వెళ్తూ బ్యాగులో ఒకటి పెట్టుకుంటారు. ఈ అలవాటుకు మూలం 1923 నాటి ఒక ప్రకటన. ‘బెర్గెన్ రైలు నిన్న రాత్రి దోపిడీకి గురైంది’ అని పేపరు మొదటి పేజీలో పడింది. అది కొత్త నవల పేరు. నిజం వార్త అనుకుని జనం కంగారుపడ్డారు.

అపోహ: డిటెక్టివ్‌లంతా తాగుబోతులు, విడాకులైనవాళ్లు.

విడాకులైన వాలండర్, తాగుడు మానలేని నెస్బో డిటెక్టివ్ హ్యారీ హూలె విషయంలో సరే. స్వీడన్ రచయిత్రి హెలేన్ తుర్స్తెన్ సృష్టించిన ఇరేన్ హుస్‌కు వంటవాడైన భర్త, కవల ఆడపిల్లలు, జుజుట్సు అనే జపాన్ యుద్ధ విద్య. ఫిన్లాండ్‌లో లేనా లెహ్తోలైనెన్ రాసిన మరియా కాలియో పెళ్లి, పిల్లలు, ప్రమోషన్ల మధ్య కేసులు చూసుకుంటుంది. ఈ పుస్తకాలు మా దగ్గర ఎప్పుడూ బయటే ఉంటాయి.

ఇక అపోహ అనలేని అభిప్రాయం ఒకటి ఉంది. ఆడవాళ్ల మీద హింసను చూపించి అమ్ముకుంటున్నారని. చాలామంది పాఠకురాళ్లు ఈ మాట అంటారు, నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. లార్సన్ తన మొదటి నవలకు స్వీడిష్‌లో పెట్టిన పేరుకు అర్థం ‘ఆడవాళ్లను ద్వేషించే మగవాళ్లు’. ఆయన కోపం నిజమైనది. ఆయన తర్వాత డబ్బు కోసం వచ్చినవాటిలో ఆ కోపం పోయి, చిత్రహింసల వర్ణన మాత్రం మిగిలింది. ఒక పుస్తకం ఏ రకమో తెలియాలంటే చనిపోయిన అమ్మాయికి అందులో ఎంత జీవితం ఇచ్చారో చూడండి. పేరు, గాయాలు తప్ప ఇంకేమీ లేకపోతే నేనైతే అక్కడే మూసేస్తాను.

చివరగా వరుస సంగతి. ‘ఎక్కడినుంచి మొదలుపెట్టినా ఒకటే’ అనుకోకండి. హ్యారీ హూలె మొదటి నవల నార్వేలో 1997లో వస్తే ఇంగ్లీషులోకి 2012లో వచ్చింది, ఐదోది 2005లోనే వచ్చేసింది. అందుకే ‘ఇతనికి ఈ బాధ ఎందుకో అర్థం కాలేదు’ అంటారు చాలామంది. మార్టిన్ బెక్ కూడా వరుసలో చదివితేనే పూర్తిగా అందుతాడు. ఇంద్రిదసన్ నవల విడిగా చదవొచ్చు. కాకపోతే గృహహింస ఘట్టాలు చాలా గట్టిగా ఉంటాయి. అవి తట్టుకోలేమనుకునేవాళ్లు ‘రోజాన్నా’ తీసుకోండి, మొదటి వంద పేజీలు ఓపిక పట్టండి.