కంపెనీకి రీకాల్, షెడ్డుకు మినహాయింపు: స్లీపర్ బస్సుల వివాదం వెనక కథ

ఇకపై స్లీపర్ బస్సులను వాహన కంపెనీలు గానీ, కేంద్రం గుర్తింపు ఉన్న తయారీ కేంద్రాలు గానీ మాత్రమే తయారుచేయాలని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2026 జనవరిలో ప్రకటించారు. ఇప్పటికే తిరుగుతున్న స్లీపర్లలో మంటలను పసిగట్టే పరికరాలు, అత్యవసర ద్వారాలు, అద్దాలు పగలగొట్టే సుత్తులు ఉండాలన్నారు. దాంతో పాత గొడవే మళ్లీ రాజుకుంది. కోట్లు పెట్టి కొన్న బస్సులను ఇప్పుడు ఏం చేసుకోమంటారని యజమానులు అడుగుతున్నారు. ఇన్నాళ్లూ వాటిని ఎవరు పాస్ చేశారని ప్రయాణికులు అడుగుతున్నారు.

ఈ రెండో ప్రశ్న మన దగ్గర గట్టిగా వినిపించడానికి కారణముంది. కనిగిరి, పామూరు, ఉదయగిరి, వింజమూరు వైపు నుంచి బెంగళూరు, హైదరాబాద్‌లకు పనులకు పోయినవాళ్లు లెక్కలేనంత మంది. పండక్కి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు ఆర్టీసీలో సీటు దొరక్కపోతే ప్రైవేటు స్లీపరే దిక్కు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద కాలిపోయిన బస్సు హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తోంది. 19 మంది ప్రయాణికులు, బస్సు కింద ఇరుక్కున్న బైకును నడిపిన యువకుడు చనిపోయారు. ఆ 19 మందిలో నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతానికి చెందిన ఒక కుటుంబం ఉంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు.

బైకు బస్సు కింద ఇరుక్కోవడం, పెట్రోలు కారడం, సరుకుగా వేసిన సెల్‌ఫోన్లు పేలడం, ఇవన్నీ అందరూ చదివినవే. ఆ బస్సు రికార్డు గురించి మాత్రం తక్కువ మాట్లాడుకున్నారు. 2018లో డామన్ డయ్యూలో రిజిస్టరైంది. తర్వాత ఒడిశాలోని రాయగడకు మారింది. సీటింగ్ బస్సును స్లీపర్‌గా మార్చారని దర్యాప్తులో తేలింది. ఎఫ్‌సీ (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్) మాత్రం 2027 దాకా ఉంది. అంటే కాగితాల ప్రకారం అది మంచి బస్సే.

ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే 2021 మార్చిలో వచ్చిన రీకాల్ నిబంధనల, అంటే లోపమున్న వాహనాలను కంపెనీ వెనక్కి పిలిపించే నిబంధనల దగ్గరికి వెళ్లాలి. నా ఉద్దేశంలో అసలు తప్పటడుగు అక్కడే పడింది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110ఏ అనే సెక్షన్ చేరింది. లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించమని తయారీదారును ఆదేశించే అధికారం కేంద్రానికి తొలిసారి వచ్చింది అప్పుడే. అంతకుముందు కంపెనీలు 2012లో తమకు తాము రాసుకున్న నియమావళి తప్ప మరేమీ లేదు. లోపం సంగతి కేంద్రానికి ఎలా చేరవచ్చో కూడా ఆ సెక్షన్ చెప్పింది. నిర్ణీత శాతం యజమానులు ఫిర్యాదు చేయవచ్చు, పరీక్షా సంస్థ చెప్పవచ్చు, లేదా మరే ఇతర మార్గంలోనైనా తెలియవచ్చు. దర్యాప్తుకు అధికారిని నియమించే వీలూ ఇచ్చింది. ఈ ‘మరే ఇతర మార్గం’ అన్న మాట చాలా విలువైనది. ఒక్క బస్సు కాలినా, ఒక్క పోలీసు నివేదిక వచ్చినా కేంద్రం కదలవచ్చు.

2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు మాత్రం ప్రధానంగా ఫిర్యాదుల లెక్క మీద నిలబడ్డాయి. బస్సులు, లారీల విషయంలో ఏడాది అమ్మకాల్లో 3 శాతానికి సమానంగా ఫిర్యాదులు రావాలి. వాహనం వయసు ఏడేళ్లు దాటకూడదు. ఫిర్యాదు చేయాల్సింది యజమాని. స్లీపర్‌లో పడుకుని ప్రయాణించే మనిషి ఆ లెక్కలో ఎక్కడా లేడు. తన బస్సును తానే మార్పించుకున్న యజమాని దాని మీద ఫిర్యాదు చేస్తాడా?

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. మన దేశంలో చాలా బస్సులు కంపెనీ నుంచి చాసిస్‌గానే, అంటే ఇంజను, చక్రాలున్న చట్రంగానే బయటికి వస్తాయి. బాడీ వేరే షెడ్డులో కడతారు. ఫలానా మోడల్‌లో ఫలానా లోపం అని లెక్కపెట్టడం కార్లకు కుదురుతుంది. షెడ్డులో ఒక్కోటి ఒక్కో రకంగా మార్చిన బస్సుకు మోడలే లేనప్పుడు 3 శాతం దేనిలో లెక్కిస్తారు? బస్సు బాడీకి ప్రమాణాలున్నాయి, స్లీపర్లకు విడిగా కూడా ఉన్నాయి. అవి అచ్చులో ఉన్నాయి, బస్సు ఒడిశాలో రిజిస్టరై ఆంధ్రా రోడ్డు మీద తిరుగుతోంది. ఇక్కడి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రాత్రిపూట ఆపి చూడగలిగేది పర్మిటు, పన్ను, ఎఫ్‌సీ. అవన్నీ సరిగానే ఉంటాయి.

శిక్షల్లోనూ ఇదే తేడా. తయారీదారు రీకాల్ బాధ్యత తప్పితే చట్టంలో ఏడాది దాకా జైలు, లేదా 100 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. అనుమతి లేకుండా వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయలు, లేదా రెండూ. రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే స్పష్టం చేసింది. 5 వేల జరిమానాకు భయపడి బెర్తులు పీకేసే యజమాని ఉండడు.

ఇదంతా ముందే తెలియనిది కూడా కాదు. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు–హైదరాబాద్ బస్సు కల్వర్టును ఢీకొని 45 మంది సజీవ దహనమయ్యారు. అప్పటి సీఐడీ డ్రైవర్‌తో ఆగకుండా బస్సు డిజైన్‌నూ తప్పుపట్టింది. నిబంధనలన్నీ పాటించామని తయారీ కంపెనీ అంది. రీకాల్ చట్టమే లేని రోజులవి, కాబట్టి రాష్ట్ర దర్యాప్తు చెప్పిన మాటను పట్టుకుని కేంద్రం ఆదేశం ఇచ్చే దారి లేదు. ఆ దారి 2019లో వచ్చింది. దాన్ని 2021లో లెక్కల పుస్తకంగా మార్చేశారు.

యజమానుల వాదనలో కొంత న్యాయముంది. ఎఫ్‌సీ ఇచ్చింది ప్రభుత్వమే, బాడీ కట్టినవాడికి లేని శిక్ష మాకెందుకంటున్నారు. కానీ సీట్లు పీకి బెర్తులు బిగించమన్న ఆర్డరు షెడ్డుకు ఇచ్చింది వాళ్లే. టికెట్ ధర ఎక్కువగా వసూలు చేసిందీ వాళ్లే.

జనవరి ప్రకటన కొత్తగా కట్టే బస్సుల సంగతి తేలుస్తుంది. పాతవాటికి సుత్తులు, పరికరాలు బిగిస్తే సరిపోతుందన్నట్టుంది. సీటింగ్‌గా పుట్టి స్లీపర్‌గా మారినవి ఎన్నున్నాయో, ఏ రాష్ట్ర రిజిస్ట్రేషన్‌తో నెల్లూరు, ఒంగోలు నుంచి రాత్రిళ్లు బయల్దేరుతున్నాయో తేల్చడానికి 110ఏ కింద దర్యాప్తు అధికారిని వేయవచ్చు. తొలి రిజిస్ట్రేషన్‌లో రాసిన సీట్లనూ, ఇప్పుడు లోపలున్న బెర్తులనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.