ఎండకు పోయేది పైరే, విత్తనం కాదు

మే నెలలో బెజవాడ ఎండ 45 డిగ్రీలు దాటినా మన ఒంటి లోపల 37 డిగ్రీలే ఉంటుంది. వృషణాలకు ఆ 37 కూడా ఎక్కువే, 2 నుంచి 4 డిగ్రీలు తగ్గాలి. అవి ఒంటి బయట వేలాడేది అందుకే. లోపలికి వెళ్లే ధమని చుట్టూ సిరలు తీగల్లా అల్లుకొని ఉంటాయి. చల్లబడి తిరిగొచ్చే రక్తం, ఎదురొచ్చే రక్తంలోని వేడిని లాగేస్తుంది. ఆ సిరలు ఉబ్బితే ఈ ఏర్పాటు దెబ్బతింటుంది. దాన్నే వేరికోసీల్ అంటారు, ఎక్కువగా ఎడమవైపే వస్తుంది. మన కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో చెమట ఆరదు కాబట్టి చర్మం చేసే సాయమూ తగ్గుతుంది.

అయితే వేడికి ముందుగా చచ్చేది వృషణాల్లో వీర్యకణాలకు మూలమైన మూలకణాలు కావు. వాటి నుంచి పుట్టి, క్రోమోజోములను సగానికి పంచుకుంటున్న కణాలు. గుంటూరు మిర్చి రైతు మాటల్లో చెప్పాలంటే పైరు వాడింది, విత్తనం మూట భద్రంగానే ఉంది. కొత్త వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. గట్టి జ్వరం తగ్గిన కొద్దిరోజులకే వీర్య పరీక్ష చేయించి, కౌంట్ (వీర్యకణాల సంఖ్య) పడిపోయిందని దిగులుపడితే లాభం లేదు. మూడు నెలలాగి మళ్లీ చేయించాలి.

మూలకణం డీఎన్ఏను కాపాడుకునే మొదటి పద్ధతి బద్ధకం! విభజన జరిగిన ప్రతిసారీ నకలులో తప్పు దొర్లే అవకాశం ఉంటుంది కదా. అందుకే కొన్ని మూలకణాలు దాదాపు నిద్రలోనే ఉంటాయి. మిగతావి సుమారు 16 రోజులకోసారి విభజన చెందుతాయి. అయినా తండ్రి వయసు ఏడాది పెరిగితే బిడ్డకు ఒకటో రెండో కొత్త ఉత్పరివర్తనాలు, అంటే డీఎన్ఏలో మార్పులు, ఎక్కువ అందుతాయి.

అసలు దొంగలు ఇంట్లోనే ఉన్నారు. మన డీఎన్ఏలో దాదాపు 45 శాతం గెంతే జన్యువుల అవశేషాలే. వాటిలో ఇంకా బతికున్నవి తమ నకళ్లను ఎక్కడపడితే అక్కడ దూర్చగలవు. 24 నుంచి 31 అక్షరాల పొట్టి ఆర్‌ఎన్‌ఏలు వాటిని గుర్తుపడితే, పివి ప్రోటీన్లు కత్తిరించేస్తాయి. ఈ కాపలా తీసేసిన మగ ఎలుకల్లో వీర్యకణాల తయారీ మధ్యలోనే ఆగిపోయింది.

మరమ్మతుకు లొంగనంత దెబ్బ తగిలితే కణం తనంతట తానే చచ్చిపోతుంది. రేడియేషన్ 0.15 గ్రే (ఒళ్లు పీల్చుకునే మోతాదుకు కొలత) తగిలితే కౌంట్ కొన్నాళ్లు పడిపోతుంది. 6 గ్రే దాటితే విత్తనం మూటే కాలిపోతుంది, పైరు ఇక లేవదు. క్యాన్సర్‌కిచ్చే కొన్ని కీమో మందులూ అంతే. పిల్లలు కావాలనుకునేవాళ్లు మొదటి డోసుకు ముందే వీర్యం ఇచ్చి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాయించుకోవాలి. ఒక డోసు పడ్డాక ఇస్తే, దెబ్బతిన్న డీఎన్ఏను దాచినట్టయ్యే ప్రమాదం ఉంది.