ఓటు లేకుండా పెరిగిన సైన్యం: శ్రీలంకకు మద్రాసు మీదుగా

విదేశానికి సైన్యాన్ని పంపాలంటే పార్లమెంటు ఓటు తప్పనిసరి అని మన రాజ్యాంగం ఎక్కడా చెప్పదు. నిర్ణయం కేంద్ర మంత్రివర్గానిది. ప్రతిపక్షం పట్టుబడితే లోక్‌సభలో 193వ నిబంధన కింద చర్చ పెట్టవచ్చు, కానీ దాని చివర ఓటింగ్ ఉండదు. 1987లో కొన్ని వేలమందితో శ్రీలంక వెళ్ళిన భారత శాంతి దళం 70 వేలు దాటిందంటే అందుకు ఇదొక ముఖ్య కారణం.

1987 జూలై 29న ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే అక్కడి తమిళుల పోరుకు తెరదించే ఒప్పందం మీద కొలంబోలో సంతకాలు చేశారు. కిటుకంతా ఒప్పందం అనుబంధంలో ఉంది: కాల్పుల విరమణను అమలు చేయడానికి అవసరమైతే శ్రీలంక అధ్యక్షుడు భారత దళాన్ని ఆహ్వానించవచ్చు. ఎంతమంది, ఎన్నాళ్ళు అన్న మాటే లేదు. పిలిచేది ఆయనే అయినప్పుడు పొమ్మనేదీ ఆయనేనా? రెండేళ్ళ తర్వాత గొడవ సరిగ్గా ఇక్కడే రాజుకుంది.

ముందు వెళ్ళింది సికింద్రాబాద్‌లోని 54వ పదాతి డివిజన్ (వేలమంది జవాన్లుండే పెద్ద దళం). పని, ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న తమిళ పులుల (ఎల్‌టీటీఈ) ఆయుధాలు అప్పగించుకోవడం. యుద్ధం చేయాలని ఎవరూ అనుకోలేదు, అందుకు తగ్గ సరంజామా కూడా వెంట లేదు. అక్టోబర్‌లో యుద్ధమే వచ్చిపడింది. 11 రాత్రి శ్రీలంక ఉత్తరాన ఉన్న జాఫ్నాలో యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి బలగాలను దింపబోయారు. పులులు ముందే కాచుకుని ఉన్నారు. కాల్పుల్లో హెలికాప్టర్లు దెబ్బతినడంతో తర్వాతి విడతలు ఆగిపోయాయి. అప్పటికే దిగిన 13వ సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మందిలో 29 మంది చనిపోయారు, ఒకరు పట్టుబడ్డారు.

ఆ తర్వాత బ్రిగేడ్ (కొన్ని బెటాలియన్ల దళం) వెనక బ్రిగేడ్. వేరే డివిజన్ల నుంచి ముక్కలుముక్కలుగా తెచ్చి దించారు. బెటాలియన్ అంటే కాగితం మీద ఎనిమిది వందలమంది. సెలవుల్లో ఉన్నవాళ్ళనూ, శిక్షణకు వెళ్ళినవాళ్ళనూ తీసేస్తే దిగింది అంతకంటే చాలా తక్కువ. ఊరు పట్టుకుంటే సరిపోదు, దారులు కాపలా కాయాలి. రోడ్డు మీద మందుపాతర ఉందేమో రోజూ పొద్దున్నే వెతికితేగాని సరుకు లారీ కదలదు. ఆ కాపలాకు ఇంకా మనుషులు, వాళ్ళకు ఇంకా సరుకు, సరుకుకు ఇంకా లారీలు. 36, 4, 57 డివిజన్లు ఇలాగే వచ్చి చేరాయి.

ఒప్పందం కుదిరిన వారంలోనే రాజీవ్‌తో మెరీనా సభలో ఎంజీఆర్ కనిపించారు. జాఫ్నా పోరుతో తమిళనాడు మనసు విరిగింది. 1988 సెప్టెంబర్‌లో ఎన్టీఆర్ అధ్యక్షుడిగా ప్రతిపక్షాల కూటమి నేషనల్ ఫ్రంట్ అదే మద్రాసులో బహిరంగ సభతో మొదలైంది; డీఎంకే అందులో భాగం. 1989 జూన్ 1న శ్రీలంక కొత్త అధ్యక్షుడు ప్రేమదాస, జూలై 29లోగా వెళ్ళిపొమ్మన్నారు. ఢిల్లీ వెంటనే ఒప్పుకోలేదు. సెప్టెంబర్‌లో మాత్రం దాడులు ఆపుతామని రాజీపడింది. 1990 మార్చి 24న, వీపీ సింగ్ హయాంలో, ఆఖరి దళం ట్రింకోమలీ వదిలింది. అప్పటికి 1,100 మందికి పైగా చనిపోయారు. తిరిగొచ్చినవాళ్ళకు మద్రాసు రేవులో స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు.

తర్వాత ఇరాక్ విషయంలోనూ నిర్ణయం మంత్రివర్గం చేతిలోనే ఉంది. 2003లో అమెరికా ఇరాక్‌కు ఒక డివిజన్ పంపమని భారత్‌ను అడిగింది. అప్పటికే ఆ యుద్ధాన్ని ఖండిస్తూ లోక్‌సభ తీర్మానం చేసి ఉంది. ఐక్యరాజ్యసమితి స్పష్టంగా అధికారమిస్తే చూద్దామంటూ జూలై 14న భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ కాదంది.