సిలిండర్ డియాక్టివేషన్ ఫాల్ట్: హెడ్ విప్పే ముందు చూడాల్సినవి

సిలిండర్ డియాక్టివేషన్ అంటే ఇంజిన్‌కి పని తక్కువున్నప్పుడు ఇంధనం ఆదా కోసం కొన్ని సిలిండర్ల వాల్వులు తెరుచుకోకుండా ఆపడం. ఇది ఆయిల్ ప్రెషర్‌తో లోపలి పిన్ నొక్కి లిఫ్టర్లను (క్యామ్ కదలికను పుష్‌రాడ్ అనే కడ్డీకి, అక్కణ్నుంచి వాల్వ్‌కి అందించే ముక్కలు) విడదీసే వీ8 ఇంజిన్ల సంగతి: జీఎం 5.3 లీటర్, క్రైస్లర్ 5.7 హెమీ లాంటివి. హెమీలోనూ, నాలుగు సిలిండర్లు మాత్రమే ఆపే పాత తరహా జీఎంలోనూ ఆగేవి 1, 4, 6, 7 సిలిండర్లు. ఫోక్స్‌వ్యాగన్ 1.5 టీఎస్ఐలో 2, 3 ఆగుతాయి గానీ, అక్కడ క్యామ్‌షాఫ్ట్ మీద స్లీవ్ జరుగుతుంది, లిఫ్టర్ గొడవే లేదు.

అపోహ: స్కానర్‌లో పీ3401 ఫాల్ట్ కోడ్ వచ్చిందంటే లిఫ్టర్ పోయినట్టే.
వాస్తవం: అది ఒకటో సిలిండర్ సాలినాయిడ్ (లిఫ్టర్‌కి ఆయిల్ వదిలే విద్యుత్ వాల్వ్) సర్క్యూట్ కోడ్. పీ3425 నాలుగోదానిది, పీ3441 ఆరోదానిది, పీ3449 ఏడోదానిది. ముందు కరెంటు వైపు చూడాలి. ఇగ్నిషన్ ఆన్‌లో 12 వోల్టులు అందుతున్నాయా, నాలుగు సాలినాయిడ్ల రెసిస్టెన్స్ దగ్గరదగ్గరగా ఉందా, కనెక్టర్‌లోకి ఆయిల్ దిగిందా చూడండి. పీ3400 మొత్తం డియాక్టివేషన్ వ్యవస్థ కోడ్; అది వస్తే డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూసి మొదలుపెట్టండి.

అపోహ: మిస్‌ఫైర్ ఉండి కంప్రెషన్ పడిపోతే రింగులో, కాలిన వాల్వో కారణం.
వాస్తవం: ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. కాయిల్, ప్లగ్ పక్క సిలిండర్‌తో మార్చినా మిస్‌ఫైర్ అక్కడే ఉంటే ఫ్యూయెల్ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడండి. ఆ తర్వాత అదే సిలిండర్‌కి లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత లీకవుతోందో చూడటం) తప్పకుండా చేయండి. కంప్రెషన్ దాదాపు సున్నా, లీక్‌డౌన్ మాత్రం బాగుంది అంటే రింగులూ వాల్వ్ సీట్లూ బాగానే ఉన్నాయి. ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకోక గాలి లోపలికి రావట్లేదు. లిఫ్టర్ పిన్ లోపలే ఇరుక్కుపోయింది, లేదా పుష్‌రాడ్ వంగింది. ఇన్‌టేక్‌లోంచి టప్‌టప్‌మని శబ్దం వస్తుంటే ఎగ్జాస్ట్ లిఫ్టర్‌ని అనుమానించండి. రాకర్ కవర్ తీసి, క్రాంక్ చేత్తో తిప్పుతూ డయల్ గేజ్‌తో ఆ సిలిండర్ రాకర్ (వాల్వ్‌ని నొక్కే మీట) ఎంత లేస్తోందో పక్కదానితో పోల్చితే తేలిపోతుంది. హెడ్ దించే పని దాని తర్వాతే.

అపోహ: చిక్కటి ఆయిల్ పోస్తే టక్‌టక్ ఆగుతుంది.
వాస్తవం: లిఫ్టర్ పిన్ కదలాల్సింది క్యామ్ లోబ్ (గుబ్బ) లిఫ్టర్‌ని లేపని ఆ కాస్త వ్యవధిలోనే. చిక్కటి ఆయిల్ సన్నని దారుల్లో ఆలస్యంగా కదులుతుంది, పిన్ సగంలో ఆగుతుంది. హెమీకి చెప్పిన 5డబ్ల్యూ-20 చోట వేరేది పోస్తే కోడ్ రావడానికి అదే చాలు. జీఎంలో ఆయిల్ ప్రెషర్ సెన్సర్ కింద చిన్న జల్లెడ ఉంటుంది; అది మూసుకుపోతే ప్రెషర్ తక్కువ చూపిస్తుంది. మెకానికల్ గేజ్ పెట్టకుండా పంపుని తిట్టకండి.

అపోహ: డిసేబులర్ (సిలిండర్లు ఆగకుండా చేసే పరికరం) పెడితే రిపేర్ అయినట్టే.
వాస్తవం: అది ఇంజిన్‌ని ఎనిమిది సిలిండర్ల మీదే ఉంచుతుంది. ఇరుక్కున్న పిన్‌ని బయటికి తేదు, లిఫ్టర్ కింద అరిగిన రోలర్‌ని (క్యామ్ మీద దొర్లే చక్రం) బాగుచేయదు.

అపోహ: చెడిన ఒక్క లిఫ్టర్ మారిస్తే చాలు.
వాస్తవం: రోలర్ అరిగితే క్యామ్ లోబ్‌ని గోటితో తడిమి చూడండి. గరుకు తగిలిందా, క్యామ్ కూడా మార్చాల్సిందే. ఆ లోహపు పొడి ఆయిల్‌లోకి వెళ్తుంది కాబట్టి ఫిల్టర్ కోసి చూడండి, పాన్ దించి కడగండి. లిఫ్టర్ గైడ్లు, హెడ్ గాస్కెట్లు, హెడ్ బోల్టులు కొత్తవే వేయాలి. సాగిన బోల్టు మళ్లీ సరైన టార్క్ పట్టదు.