పరుపులో మైట్లు, రిపోర్టులో ఏఈసీ, మధ్యలో టీ-రెగ్‌లు

ఉబ్బసం అనగానే "ఇమ్యూనిటీ తగ్గింది, కషాయం తాగు" అని చెప్పేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. అలర్జీ ఉబ్బసంలో జరిగేది దీనికి తలకిందులు. దాడికి దిగే కణాలు కావలసినదానికంటే ఎక్కువే ఉంటాయి. వాటికి బ్రేకు వేసే కణాలే వెనకబడతాయి.

గొడవ చాలాసార్లు పరుపులో మొదలవుతుంది. డస్ట్ మైట్ అనేది సుమారు 0.3 మి.మీ. ఉండే ఎనిమిది కాళ్ళ జీవి. మన ఒంటి నుంచి రాలే పొట్టే దాని తిండి. నీళ్ళు తాగదు, గాలిలో చెమ్మనే పీల్చుకుంటుంది. తేమ చాలాకాలం 50 శాతం లోపుంటే ఎండి చస్తుంది. ఒకవైపు కాలువలు, వరిచేలు, చెరువులు, ఇంకోవైపు సముద్రం ఉన్న కోనసీమలో దానికి ఆ కష్టం రాదు.

దాని రెట్టలో ఉండే డెర్ పీ 1 అనే ఎంజైమ్ శ్వాసనాళపు లోపొర కణాలను కలిపి ఉంచే ప్రోటీన్లను తెంపుతుంది. దెబ్బతిన్న కణాలు ఐఎల్-33, టీఎస్ఎల్‌పీ అనే సంకేతాలు విడుస్తాయి. వాటితో టీహెచ్2 అనే, అలర్జీని నడిపే రక్షణ కణాలు తయారవుతాయి. అవి విడిచే సంకేతాల్లో ఐఎల్-4 వల్ల ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ పుడుతుంది, ఐఎల్-5 వల్ల ఇసినోఫిళ్ళు అనే తెల్లరక్తకణాలు పెరుగుతాయి, ఐఎల్-13 వల్ల కఫం చేరి నాళాలు బిగుసుకుంటాయి. రక్తపరీక్షలో ఏఈసీ అంటే ఆ ఇసినోఫిళ్ళ లెక్కే.

ఈ మంటను (ఇన్‌ఫ్లమేషన్‌ను) ఆపేవి రెగ్యులేటరీ టి-కణాలు, అంటే టీ-రెగ్‌లు. వీటిని 1995లో గుర్తించిన షిమోన్ సకాగుచికి, వీటికి కీలకమైన ఫాక్స్‌పీ3 జన్యువును 2001లో పట్టుకున్న మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు కలిపి 2025లో వైద్య నోబెల్ ఇచ్చారు. ఆ జన్యువు చెడి పుట్టిన మగపిల్లల్లో పసితనంలోనే ఎగ్జిమా, మధుమేహం వస్తాయి, ఐజీఈ విపరీతంగా పెరుగుతుంది.

గోదావరి జిల్లాలవాళ్ళకి ఇంకా దగ్గరి ఉదాహరణ బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు. ఒంట్లో ఏళ్ళ తరబడి బతకడానికి అది టీ-రెగ్‌లను, మంటను తగ్గించే ఐఎల్-10 అనే సంకేతాన్ని పెంచి మన రక్షణ వ్యవస్థను జోకొడుతుంది. అందుకే రక్తంలో మైక్రోఫైలేరియా, అంటే ఆ పురుగు పిల్లలు, తిరుగుతున్నా చాలామందికి ఏ బాధా తెలియదు. కొద్దిమందిలో మాత్రం ఈ అదుపు కుదరదు. మైక్రోఫైలేరియా ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటుంది, రక్తంలో కనపడదు. రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు. ఏఈసీ 3,000 దాటుతుంది. అచ్చం ఉబ్బసంలాగే ఉంటుంది గానీ ఇన్‌హేలర్‌కు లొంగదు. ఫైలేరియాకు ఇచ్చే డీఈసీ మాత్రలు కావాలి. ఇక్కడ ఏఈసీ అంత పెరిగితే ఫైలేరియా యాంటీబాడీ పరీక్ష సంగతి డాక్టరును అడగాల్సిందే.

అసలు ఉబ్బసానికైతే స్టెరాయిడ్ ఇన్‌హేలరే ఆధారం. ఆయాసం తగ్గగానే మానేస్తారు, అక్కడే తప్పు: నాళాలు తెరుచుకున్నా మంట లోపలే ఉంటుంది. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు, నోటికి మధ్య పెట్టే గొట్టం) ఒకసారికి ఒకే పఫ్, నెమ్మదిగా పీల్చి 10 సెకన్లు ఆపడం, తర్వాత నోరు పుక్కిలించడం. లేకపోతే నోట్లో ఫంగస్ తెల్లగా పూస్తుంది. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. ఎండలో వేస్తే మైట్లు చస్తాయేమో గానీ రెట్ట ఎక్కడికీ పోదు.

టీ-రెగ్‌లను పెంచే చికిత్సల్లో ఒకటి అలర్జెన్ ఇంజెక్షన్లు, అంటే అలర్జీ తెచ్చే పదార్థాన్నే సూదిగా ఇవ్వడం. అతి చిన్న మోతాదుతో మొదలుపెట్టి, కనీసం మూడేళ్ళు ఇస్తారు. ఉబ్బసం అదుపులో లేనివాళ్ళకి ఇవ్వకూడదు. ప్రతి సూది తర్వాత అరగంట క్లినిక్‌లోనే కూర్చోబెడతారు. ప్రాణం మీదికి తెచ్చే రియాక్షన్ చాలావరకు ఆ అరగంటలోనే వస్తుంది.