కడవకు చెమట పట్టాలి

"మోసం చేసేసినాడు సార్ ఆ కుండలాయన. రెండు దినాలైంది నీళ్లు పోసి, ఇంకా ఎచ్చగానే ఉండాయి."

పక్కింటావిడ గోడ మీదుగా ఈ మాట అన్నప్పుడు మధ్యాహ్నం రెండయింది. కత్తిరి ఎండలు. తిరుపతిలో మే నెలంటే 42, 43 డిగ్రీలు మామూలే. పగలంతా కాగిన కొండ రాత్రికి ఆ సెగను మన మీదికే వదులుతుంది. ఫ్రిజ్ నీళ్లకు పిల్లల గొంతులు పట్టేస్తున్నాయని ఆమె కొత్త కడవ కొన్నది. నేను రిటైరైన సైన్సు మాస్టారిని కాబట్టి ఇలాంటి కేసులు నా దగ్గరికే వస్తాయి.

వెళ్లి చూశాను. కడవ ముచ్చటగా ఉంది. ఇటుకరంగు పెయింటు, దాని మీద పసుపు పువ్వు, కింద స్టీలు కొళాయి. గ్యాస్ స్టవ్వుకూ ఫ్రిజ్జుకూ మధ్య మూలలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టారు. చెయ్యి ఆనిస్తే పొడిగా తగిలింది. కేసు అక్కడే తేలిపోయింది. కానీ ఎందుకు తేలిందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

"బాష్పీభవనం వలన చల్లదనం కలుగును" అని పిల్లలు రాస్తారు, మేం మార్కులు వేస్తాం. నేనూ ముప్పై ఏళ్లు వేశాను. ఆవిరి అంటే మనింట్లో ఇడ్లీ పాత్ర, చెయ్యి కాలే వ్యవహారం. అలాంటిది ఆవిరైతే చల్లబడటం ఏమిటని ఒక్క పిల్లాడూ అడగలేదు. అడగనిచ్చే తీరిక సిలబస్‌కూ లేదు.

కడవలోని నీళ్లను ఒక తరగతి అనుకోండి. అణువులే పిల్లలు. అందరూ ఒకే వేగంతో కదలరు. కొందరు మందకొడి, ఎక్కువ మంది మధ్యరకం, కొద్దిమంది మహా చురుకు. ఉష్ణోగ్రత అంటే ఈ తరగతి సగటు మార్కులు, అంతే. నీటి అణువు బయటపడాలంటే పక్కవాళ్ల పట్టు తెంచుకోవాలి. అది చురుకైన వాళ్లకే సాధ్యం. అంటే టీసీ తీసుకుని వెళ్లిపోయేది ర్యాంకర్లే. మిగిలినవాళ్ల మార్కులు ఎవరూ కొట్టేయలేదు, అయినా తరగతి సగటు పడిపోయింది. చల్లబడటం అంటే ఇదే. తర్వాత మిగిలినవాళ్లు ఒకరినొకరు గుద్దుకునే గొడవలో మళ్లీ కొందరు ర్యాంకర్లు తయారవుతారు. వాళ్లూ పోతారు. సగటు ఇంకా పడుతుంది.

స్టీలు బిందెకు మూతి దగ్గర ఒక్కటే గేటు. మట్టి కడవకు ఒళ్లంతా గేట్లే. కుమ్మరి మట్టిలో కలిపే ఊక లాంటివి ఆవంలో కాలిపోయి సన్నని రంధ్రాలు మిగులుస్తాయి. ఆవం వేడి సాధారణంగా వెయ్యి డిగ్రీల లోపే ఉంటుంది కాబట్టి మట్టి పూర్తిగా కరిగి మూసుకుపోదు. పింగాణీని 1,200 డిగ్రీలు దాటించి కాలుస్తారు, దాని గేట్లన్నీ గాజులా మూసుకుపోతాయి. పలమనేరు వైపు నుంచి వచ్చే సాదా మట్టికుండను గోటితో మీటి, చెంబెడు నీళ్లు పోసి చూడండి. కాసేపటికి బయటి వైపు రంగు ముదురుతుంది. అది గేట్లు తెరుచుకున్న గుర్తు. మా పక్కింటి కడవ గేట్లన్నిటికీ పెయింటు తాళాలు వేసింది.

గేట్లు తెరిచి ఉంటే సరిపోదు, బస్సు కూడా రావాలి. గేటు దాటిన పిల్లలు అక్కడే గుంపుగా నిలబడితే సగం మంది మళ్లీ లోపలికే దూరతారు. వాళ్లను ఎక్కించుకుపోయే బస్సు గాలి. స్టవ్వు పక్కన మూలలో బస్సు రాదు. పైగా స్టవ్వు నుంచి, ఫ్రిజ్ ఒంటి నుంచి వచ్చే వేడి తరగతిలో ఉచితంగా గ్రేస్ మార్కులు కలుపుతూ ఉంటుంది.

ఇప్పుడు కాస్త లెక్క. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ మార్చే వేడి ఒక కేలరీ. పది లీటర్ల నీళ్లను పది డిగ్రీలు చల్లబరచాలంటే లక్ష కేలరీలు తీసేయాలి. ఒక గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 580 కేలరీలు పట్టుకుపోతుంది. లక్షను 580తో భాగిస్తే 172 గ్రాములు. చిన్న గ్లాసుడు నీళ్లు! అవి పోతే కడవంతా చల్లబడుతుంది. బయటి వేడి ఎప్పుడూ లోపలికి వస్తూనే ఉంటుంది కనుక నిజానికి ఇంకాస్త ఎక్కువే పోతుంది, అయినా చవకే. థర్మామీటర్‌కు కనబడకుండా దాగి పోయే ఈ వేడిని 1760లలో స్కాట్లాండులో జోసెఫ్ బ్లాక్ పట్టుకున్నాడు. తెలుగులో గుప్తోష్ణం అన్నారు. గుప్తధనం లాంటి మాట, నాకు చాలా ఇష్టం.

మరి ఎంతవరకు చల్లబడుతుంది? దీనికి ఒక కింది హద్దు ఉంది, తడి బల్బు ఉష్ణోగ్రత. థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి విసిరితే అది దిగి ఆగే చోటు. 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం అనుకుంటే ఆ హద్దు 24 దగ్గర ఉంటుంది. అదే సముద్రం పక్కన చెన్నైలో 36 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకోండి, హద్దు 29 దాటుతుంది. ఎండ ఆరు డిగ్రీలు తక్కువ, కడవ నీళ్లు మాత్రం మనకంటే వెచ్చన! చెన్నై నుంచి వచ్చిన చుట్టాలు మన కడవ నీళ్లు తాగి "ఐస్ వేశారా?" అనడం ఉత్త మర్యాద మాట కాదన్నమాట. తేమ గాలి అంటే బయటి బడుల ర్యాంకర్లు అదే గేటులోంచి అడ్మిషన్‌కు తోసుకొస్తున్నట్టు. వాన ముసురులో వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ సమానం, అప్పుడు ఎంత మంచి కడవైనా బిందెతో సమానం.

అమావాస్య నాడు కొన్న కుండ చల్లబడదని మా అవ్వ గట్టిగా నమ్మేది. చంద్రుడికీ గేట్లకూ సంబంధం లేదు. నీళ్లలో వేసే వట్టివేరు వాసన కోసమే, చల్లదనం కోసం కాదు. అయితే అదే అవ్వ కుండ కింద తడి ఇసుక పోసి, అందులో నాలుగు రాగి గింజలు చల్లేది. మొలకలు ఎండితే ఇసుక ఆరిందని అర్థం. ఇంతకంటే మంచి మీటరు నేను ల్యాబులో చూడలేదు. రెండేళ్లకు కుండ మార్చేది కూడా. బోరు నీళ్లలోని సున్నం రంధ్రాల్లో తెల్లగా పేరుకుని గేట్లు పూడ్చేస్తుంది.

ఇదే లెక్క మజ్జిగకూ వేసి చూశాను. 25 డిగ్రీల కడవ మజ్జిగ 200 గ్రాములు తాగితే అది 37కు చేరేలోపు ఒంట్లోంచి తీసుకునేది 2,400 కేలరీలు. అదే నీరు చెమటై పూర్తిగా ఆరితే 1,16,000. దాదాపు యాభై రెట్లు! అంటే "చలువ" అన్నది గ్లాసు చల్లదనంలో లేదు, ఆ నీరు తర్వాత చేసే పనిలో ఉంది. అందుకే గంగమ్మ జాతర రోజుల్లో పోసే రాగి అంబలి చల్లగా లేకపోయినా ఒళ్లు తేలికపడుతుంది. నీళ్లు ఎక్కువ, చెమటతో పోయిన ఉప్పు మళ్లీ వస్తుంది, నంజుకోను ఎర్రగడ్డ. రాగుల్లో విడిగా చలువ గుణం వెతకనక్కర్లేదు. ముక్కు కొసనుంచి కారి నేలపాలైన చెమట మాత్రం వృథా. ఆరితేనే లెక్క.

నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు కుమ్మరుల ఇంట్లో పుట్టాడు. ఒక కుండలో ఇంకో కుండ పెట్టి, మధ్య ఇసుక తడిపి, లోపల కూరగాయలు దాచే పద్ధతిని 1990లలో ఊళ్లకు పంచాడు. మూడు రోజుల్లో వాడిపోయే వంకాయలు మూడు వారాలు దాటి నిలిచాయి. 2000లో ఆయనకు రోలెక్స్ అవార్డు వచ్చింది. మన సీమలో అబ్బ అంటే తాత, ఆ పేరు నాకు అందుకే గుర్తుండిపోయింది. కొత్తిమీర కట్టకు నేనూ ఇలాగే చేస్తాను.

ఇదంతా పక్కింటావిడకు చెప్పాను. ఆమె సగం వింది. "అట్లయితే ఇప్పుడేం చెయ్యాల సార్?" అంది. ఇటుక ముక్కతో పెయింటు గీకి, రాత్రంతా నీళ్ల తొట్టిలో నానేసి, కిటికీ దగ్గర ఇసుక మీద పెట్టమన్నాను. పువ్వు బాగుందని అది మాత్రం గీకలేదు. మర్నాడు మధ్యాహ్నం పిలిచి చూపించింది. కడవ ఒళ్లంతా ముదురు రంగు తిరిగి చెమర్చింది. నడుమ పువ్వు ఒక్కటే, రెక్కరెక్కనా, పొడిగా ఉంది.