వెండి నీరు పసుపు, బంగారు నీరు ఎరుపు: అపోహలు - వాస్తవాలు

బరంపురంలో మా ప్రయోగశాలకు ఒకసారి మా వీధి ఆచారిగారు వచ్చారు. నలభై ఏళ్లుగా బంగారం పని చేస్తున్న మనిషి. బల్లమీది రెండు సీసాలు చూసి, "బాబూ, చీటీలు తారుమారయ్యాయి, సరిచూసుకో" అన్నారు. పసుపు నీళ్ల సీసా మీద వెండి అనీ, దానిమ్మరసంలా ఉన్న దానిమీద బంగారం అనీ రాసి ఉంది. చీటీలు సరిగానే ఉన్నాయి.

అపోహ: బంగారం ఎప్పుడూ పసుపే, ఎర్రబారితే రాగి కలిసినట్టే.

వాస్తవం: నగల విషయంలో ఆ అనుమానానికి అర్థముంది. మా సీసాలో ఉన్నది మాత్రం రాగి లేని బంగారమే, 20 నానోమీటర్ల కణాలుగా. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. అంత చిన్న కణం మీద వెలుగు పడితే అందులోని ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగుతాయి. బంగారానికి ఆ ఊపు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఆకుపచ్చ వెలుగుకు, అన్నిటికన్నా బలంగా ఉంటుంది. ఆ వెలుగును కణాలు పీల్చుకుంటే కంటికి ఎరుపు మిగులుతుంది. వెండి కణాలు 400 నానోమీటర్ల దగ్గర ఊదా వెలుగును పీల్చుకుంటాయి, అందుకే ఆ నీళ్లు పసుపు. ఈ ఎర్రని ద్రవంలో ఉన్నది అతి సన్నని బంగారు రేణువులేనని ఆంగ్ల శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1857లోనే చెప్పాడు. 1908లో గుస్టాఫ్ మీ అనే జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఆ రంగుకు గణితం సమకూర్చాడు.

ఆచారిగారి ఎదుటే సీసాలో చిటికెడు ఉప్పు వేశాను. ఎరుపు కాస్తా నీలమైంది. కణాల మీది రుణ (నెగటివ్) విద్యుదావేశం వాటిని ఎడంగా ఉంచుతుంది. ఉప్పు ఆ వికర్షణను బలహీనపరిస్తే అవి గుంపుకడతాయి, ఊపు ఎరుపు వెలుగు వైపు జరుగుతుంది. ఎరుపును పీల్చుకుంటే కంటికి నీలం మిగులుతుంది. ఆయన సీసాను కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశారు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

అపోహ: వెండి నల్లబడితే కల్తీ.

వాస్తవం: మేలిమి వెండీ నల్లబడుతుంది. గాలిలోని గంధక వాయువులతో పైన సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. పొర పలుచగా ఉన్నప్పుడు పట్టీలు ముందు పసుపుగా, తర్వాత గోధుమగా, నీలంగా కనిపిస్తాయి. నీటిమీది నూనె తెట్టులో రంగులు పుట్టించేదీ ఇలాంటి పొర మందమే. నల్లబడ్డాయని పట్టీలను అయినకాడికి అమ్ముకున్నవాళ్లను చూశాను, బాధేసింది. ముందు పరీక్ష చేయించండి.

అపోహ: ఇవన్నీ ప్రయోగశాల ముచ్చట్లు.

వాస్తవం: మందుల దుకాణంలో దొరికే గర్భనిర్ధారణ కిట్లలో చాలావాటిలో కనిపించే ఎర్రగీత బంగారు కణాలదే. ఒక్కో పదార్థాన్నే గుర్తుపట్టి అంటుకునే యాంటీబాడీలు తగిలించిన ఆ కణాలు మూత్రంలోని గర్భ హార్మోనును పట్టుకుని గీత దగ్గర ఆగిపోతాయి. కంటికి ఆనని బంగారం అక్కడ పోగై ఎర్రగా కనిపిస్తుంది.